స్టేట్ యూనివర్సిటీ మీ రాజకీయ బృందానికి గుర్తింపు నిరాకరించవచ్చా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ చదువుతున్న విద్యార్థి, మరికొందరితో కలిసి వలస విధానం మీద పనిచేసే రాజకీయ బృందం పెట్టడానికి దరఖాస్తు చేశారు. కాగితాల్లో లోపం ఏమీ లేదు. అయినా విద్యార్థి సెనేట్ (విద్యార్థులు ఎన్నుకునే ప్రతినిధుల సభ) ఓటింగు పెట్టి తిరస్కరించింది. చెప్పిన కారణాలు రెండు: ఇలాంటి బృందం ఇప్పటికే ఒకటి ఉంది, ఈ కొత్తది క్యాంపస్‌లో చీలికలు తెస్తుంది. "వాళ్లకు ఆ అధికారం ఉందా? గుర్తింపు లేకుండానే నడిపితే ఏమవుతుంది? మాలో సగం మందిమి ఎఫ్-1 వీసా మీద ఉన్నాం, దీని మీద పోరాడటం క్షేమమేనా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. స్టేట్ యూనివర్సిటీకి మీ అభిప్రాయం నచ్చలేదనో, దానివల్ల గొడవ రావచ్చనో గుర్తింపు నిరాకరించే అధికారం లేదు. విద్యార్థుల ఓటుతో ఆ అధికారం కొత్తగా పుట్టదు. అందరికీ ఒకేలా వర్తించే నియమాలు పాటించమని మాత్రం అడగవచ్చు. మీరు కాదంటే నిరాకరించవచ్చు, ఒప్పుకుని తర్వాత ఉల్లంఘిస్తే ఇచ్చిన గుర్తింపు తీసేయవచ్చు. ప్రైవేటు యూనివర్సిటీ అయితే లెక్క వేరు. వీసా సంగతి ఇంకా వేరు, దాని గురించి విడిగా రాస్తాను, దయచేసి అక్కడిదాకా చదవండి.

నేను ఒక స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి వ్యవహారాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. క్లబ్బుల దరఖాస్తులు చూడటం, సెనేట్ సమావేశాల్లో ఒక మూల కూర్చుని వాళ్లు గీత దాటుతున్నప్పుడు ఆపడం నా ఉద్యోగంలో భాగం. న్యాయవాదిని కాను. వ్యవహారం న్యాయవాదులదాకా పోకుండా చూడటం నా పని కాబట్టి ఈ తీర్పులన్నీ చదవక తప్పలేదు.

ముందుగా గుర్తింపు అంటే ఏమిటో తేల్చుకుందాం. గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి. సెనేటర్లు దాన్ని ప్రశంసాపత్రంలా చూస్తారు: "మనం ఓటు వేస్తే వాళ్ల మాటలకు మనం వత్తాసు పలికినట్టే కదా" అంటారు. నిజానికి గుర్తింపు వల్ల వచ్చేవి గదులు బుక్ చేసుకునే వీలు, నోటీసు బోర్డు, విద్యార్థి కేంద్రంలో ఒక బల్ల, క్లబ్బుల జాబితాలో పేరు, యాక్టివిటీ ఫీజు (క్యాంపస్ కార్యక్రమాల కోసం విద్యార్థులందరూ కట్టే రుసుము) నిధి నుంచి డబ్బు అడిగే అర్హత. అంతే. 1981లో విడ్మార్ కేసులో సుప్రీం కోర్టు తేల్చింది కూడా ఇదే. కాన్సస్ సిటీలోని మిస్సోరి యూనివర్సిటీ వందకు పైగా బృందాలకు గదులిస్తూ ఒక మత బృందానికి మాత్రం ఇవ్వనంది. ఇస్తే ప్రభుత్వమే మతాన్ని సమర్థించినట్టు కనిపిస్తుందని వాదించింది. ఇన్ని రకాల బృందాలకు తలుపు తెరిచిన చోట ఏ ఒక్కదానికో యూనివర్సిటీ ముద్ర పడినట్టు ఎవరూ అనుకోరని కోర్టు కొట్టిపారేసింది.

ఇక మీ ప్రశ్నకు మూలమైన తీర్పు 1972 నాటి హీలీ వర్సెస్ జేమ్స్. దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ సెనేట్ చెప్పిన మాటలకు జవాబు దాదాపు అంతా అందులోనే ఉంది.

1969లో సెంట్రల్ కనెక్టికట్ స్టేట్ కాలేజీ విద్యార్థులు కొందరు స్టూడెంట్స్ ఫర్ ఎ డెమోక్రటిక్ సొసైటీ అనే వామపక్ష విద్యార్థి సంస్థకు స్థానిక శాఖ పెడతామన్నారు. అది వియత్నాం యుద్ధకాలం. ఆ సంస్థ జాతీయ శాఖల పేరు చెబితేనే కాలేజీ అధ్యక్షులకు భవనాల ఆక్రమణలు, తగలబడ్డ కిటికీలు గుర్తుకొచ్చే రోజులు. దరఖాస్తు పరిశీలించిన కమిటీ విద్యార్థులను ఎదురుగా కూర్చోబెట్టి అడిగింది: మిగతా శాఖల్లా మీరు కూడా హింసకు దిగుతారా? సమస్యను బట్టి ఉంటుందన్నారు. తరగతిని అడ్డుకునే పరిస్థితి ఊహించగలరా? ఇప్పుడే చెప్పడం కుదరదన్నారు. ఏ అధికారికైనా ఒళ్లు మండే జవాబులే. అయినా కమిటీ 6-2 తేడాతో ఆమోదించమని సిఫార్సు చేసింది. కాలేజీ అధ్యక్షుడు జేమ్స్ దాన్ని పక్కన పెట్టి, ఈ సంస్థ సిద్ధాంతం మా కాలేజీ విధానాలకు విరుద్ధమని తిరస్కరించారు. ఆ తర్వాత ఆ విద్యార్థులు విద్యార్థి కేంద్రంలోని కాఫీ దుకాణంలో కూర్చుని ఏం చేయాలా అని మాట్లాడుకుంటుంటే, అధ్యక్షుడి ఆదేశంతో ఇద్దరు డీన్లు వచ్చి, గుర్తింపు లేని బృందం ఇక్కడ సమావేశం కాకూడదని పంపించేశారు.

జస్టిస్ పావెల్ రాసిన తీర్పులో నాలుగు విషయాలు మీకు పనికొస్తాయి. ఒకటి, గుర్తింపు నిరాకరణ చిన్న విషయం కాదు. నోటీసు బోర్డు, గది, పత్రిక లేకపోతే కొత్త విద్యార్థులను చేరే దారే మూసుకుపోతుంది కాబట్టి అది సంఘ స్వేచ్ఛ మీద నేరుగా పడే దెబ్బ. రెండు, నిరాకరణ ఎందుకు సబబో రుజువు చేయాల్సిన భారం కాలేజీదే, విద్యార్థులది కాదు. మూడు, జాతీయ సంస్థతో సంబంధం ఉన్నంత మాత్రాన స్థానిక శాఖను దోషిగా చూడకూడదు. నాలుగు, అభిప్రాయం ఎంత అసహ్యంగా తోచినా ఆ కారణంతో ఆపకూడదు; ఆపాలంటే మాట చాలదు, చేత ఉండాలి, లేదా చేయబోతున్నారనడానికి గట్టి ఆధారం ఉండాలి.

అయితే కోర్టు విద్యార్థులకు పూర్తి గెలుపు చేతిలో పెట్టి పంపలేదు. ఈ భాగాన్ని చాలామంది దాటేస్తారు. "సహేతుకమైన క్యాంపస్ నియమాలు పాటిస్తాం" అని ముందుగా హామీ ఇమ్మని అడిగే హక్కు కాలేజీకి ఉందని చెప్పి, ఈ బృందం ఆ హామీకి సిద్ధంగా ఉందా లేదా తేల్చమని కేసును కిందికి పంపింది. కాబట్టి మీ దరఖాస్తులో ఆ హామీ ఒక వాక్యంగా లేకపోతే ఈ రోజే చేర్చండి. దానివల్ల మీరు కోల్పోయేది ఏమీ లేదు, వాళ్ల చేతిలో ఉన్న ఒకే ఒక న్యాయమైన సాకు పోతుంది.

ఇప్పుడు మీ సెనేట్ చెప్పిన కారణాలకు వద్దాం.

"ఇలాంటిది ఇప్పటికే ఉంది" అనేది చూడటానికి అమాయకమైన నియమం. నిజంగా నియమంగా రాసి ఉండి, అందరికీ ఒకేలా అమలు చేస్తే దానితో పెద్ద పేచీ లేదు. గదులు, నిధులు పరిమితం కదా. కానీ నేను చూసినంతవరకు ఈ నియమం రాజకీయ బృందాలు వచ్చిన రోజే నిద్ర లేస్తుంది. మా దగ్గర ఒకసారి ఇదే కారణంతో ఒక బృందాన్ని తోసిపుచ్చారు. సెనేట్ అధ్యక్షుడిని పక్కకు పిలిచి నమోదైన క్లబ్బుల జాబితా ముందు పెట్టాను. బైబిల్ అధ్యయన బృందాలు ఒక పేజీ నిండా ఉన్నాయి. పెట్టుబడుల క్లబ్బులు వరుసగా ఉన్నాయి, వాటి ఉద్దేశాలు చదివితే ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నట్టే ఉన్నాయి. బోర్డు ఆటల క్లబ్బు ఒకటి, దాని నుంచి అలిగి వెళ్లినవాళ్లది మరొకటి. "వీటికి లేని అభ్యంతరం దీనికెందుకు?" అంటే అతని దగ్గర జవాబు లేదు. తర్వాతి వారం మళ్లీ ఓటింగు పెట్టారు. మీరు కూడా ముందు ఆ జాబితా దించుకోండి. యూనివర్సిటీ వెబ్‌సైటులో ఉంటుంది. ఉద్దేశం గడిలో రాసిన వాక్యాలు పక్కపక్కన పెట్టి అప్పీలుకు జతచేయండి. సిద్ధాంత చర్చకన్నా ఈ రెండు పేజీల పట్టిక బలమైనది.

"చీలికలు తెస్తుంది" అనేది మాత్రం వాళ్లు నోరు జారి మీకిచ్చిన వరం. విద్యార్థుల భావప్రకటన మీద 1969 నాటి టింకర్ తీర్పు నుంచి కోర్టులు అంటున్నది ఒక్కటే: ఏదో జరుగుతుందేమోనన్న భయం చాలదు. చీలిక రాని రాజకీయం ఎక్కడుంది? అదే సెనేట్ ఏటా రెండు పెద్ద పార్టీల విద్యార్థి శాఖలకు కళ్లు మూసుకుని ఆమోదం ఇస్తుంది. ఆ కారణం మినిట్స్‌లోకి (సమావేశం రాతపూర్వక నివేదికలోకి) ఎక్కిందా లేదా చూడండి. ఎక్కితే యూనివర్సిటీ న్యాయ విభాగంలో ఎవరికైనా ఆ పేజీ చూపిస్తే చాలు, ముఖం రంగు మారుతుంది.

ఇక ఓటింగు. సెనేటర్లు విద్యార్థులే కదా, ప్రభుత్వం కాదు కదా అనే వాదన మీకు వినిపిస్తుంది. గుర్తింపు ఇచ్చే అధికారం వాళ్లకు యూనివర్సిటీ అప్పగించింది. ఆ అధికారంతో చేసే పని యూనివర్సిటీ చేసినట్టే. దీనికి దగ్గరగా వచ్చే తీర్పు 2000 నాటి సౌత్‌వర్త్. విస్కాన్సిన్ యూనివర్సిటీ విద్యార్థులు కొందరు, తమకు నచ్చని రాజకీయ బృందాలకు తమ ఫీజులోంచి డబ్బు పోతోందని కేసు వేశారు. అప్పట్లో ఆ ఫీజు ఏడాదికి 331.50 డాలర్లు. అన్ని అభిప్రాయాలకూ సమాన అవకాశం ఉన్నంతవరకు తప్పనిసరి ఫీజు వసూలు చేయవచ్చని సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. కానీ అదే యూనివర్సిటీలో, విద్యార్థుల రెఫరెండంతో ఒక బృందానికి నిధులివ్వడమో తీసేయడమో చేసే పద్ధతి కూడా ఉండేది. దాన్ని మాత్రం కోర్టు తప్పుపట్టింది. మెజారిటీ ఇష్టాయిష్టాలతో నిర్ణయించడం మొదలైతే మైనారిటీ అభిప్రాయానికి ఇక రక్షణ ఏముంటుంది?

సెనేటర్లను మరీ తిట్టుకోకండి. వాళ్లు ఇరవై ఏళ్ల పిల్లలు. ఓటు అంటే నచ్చినదానికి చెయ్యెత్తడం అనే అనుకుంటారు. "ఈ ఓటు మీ అభిప్రాయం చెప్పడానికి కాదు, కాగితాలు సరిగా ఉన్నాయో లేదో ధ్రువీకరించడానికి" అని ఏటా కొత్త సెనేట్‌కు నచ్చజెప్పడం నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని. కొన్ని యూనివర్సిటీలు ఈ తలనొప్పి భరించలేక ఓటింగే తీసేశాయి. కాగితాలు సరిపోతే కార్యాలయం నమోదు చేస్తుంది. నన్నడిగితే అదే సరైన పద్ధతి.

గుర్తింపు వచ్చాక కథ ముగియదు, డబ్బు దగ్గర మళ్లీ మొదలవుతుంది. 1995లో రోజెన్‌బర్గర్ కేసు వచ్చింది. వర్జీనియా యూనివర్సిటీ ఇతర విద్యార్థి పత్రికల ముద్రణ ఖర్చు భరిస్తూ, క్రైస్తవ దృష్టితో రాసే పత్రిక బిల్లు 5,862 డాలర్లు మాత్రం కట్టనంది. అది అభిప్రాయం చూసి చేసిన వివక్ష అని సుప్రీం కోర్టు 5-4 తేడాతో తీర్పిచ్చింది. అయోవా స్టేట్ యూనివర్సిటీ కథ ఇంకా వినదగ్గది. గంజాయి చట్టాలు మార్చాలని కోరే విద్యార్థి బృందం గంజాయి ఆకు, యూనివర్సిటీ చిహ్నం కలిపి ఒక టీషర్టు డిజైన్ పంపింది. 2012లో అధికారులే ఆమోదించారు. పత్రికలో ఫొటో పడింది, రాష్ట్ర రాజధాని నుంచి ఆరాలు మొదలయ్యాయి. అంతే, ఆ ఒక్క బృందానికి మాత్రం ప్రతి డిజైనూ ముందుగా చూపించాలన్న కొత్త పద్ధతి పెట్టారు. 2017లో ఎనిమిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు (సుప్రీం కోర్టుకు ఒక మెట్టు కింద ఉండే ఫెడరల్ కోర్టుల్లో ఒకటి) అది చెల్లదంది. బయటి ఒత్తిడికి లొంగి ఒక బృందానికి ప్రత్యేకంగా పెట్టిన నియమం నిలవదన్నమాట.

భద్రత బిల్లు కూడా ఇలాంటి ఎత్తే. మీరు ఒక వక్తను పిలుస్తారు. నిరసన రావచ్చంటూ పోలీసుల ఖర్చు మొత్తం మీ ఖాతాలో వేస్తారు. వినేవాళ్లు ఎలా స్పందిస్తారో అంచనా వేసి మాట్లాడేవాడి దగ్గర రుసుము వసూలు చేయకూడదని 1992లో ఫోర్సిత్ కౌంటీ తీర్పు చెప్పింది. అక్కడి రుసుము రోజుకు 1,000 డాలర్ల వరకు ఉండేది. మా క్యాంపస్‌లో ఈ తగాదా వచ్చినప్పుడు పద్ధతి మార్పించాం. హాలు ఎంత పెద్దది, ఎంతమంది వస్తారు, గుమ్మం దగ్గర టికెట్ల డబ్బు చేతులు మారుతుందా, మద్యం ఉంటుందా అనే నాలుగు అంశాలు చూసి ఖర్చు లెక్కకట్టేవాళ్లం. వక్త ఎవరన్న గడి ఆ ఫారంలో ఉండేది కాదు. ఆ గడి తీయించడానికి పోలీసు విభాగంతో వాదన మాత్రం చాలా కాలం సాగింది.

ఇక రెండో వైపు. యూనివర్సిటీ న్యాయంగా అడగగలిగినవి, మీరు గొణుక్కోకుండా ఇవ్వాల్సినవి కొన్ని ఉన్నాయి. నియమావళి, పదాధికారుల పేర్లు, కనీస సభ్యుల సంఖ్య, అధ్యాపక సలహాదారు సంతకం, ఖాతాల వివరాలు. సలహాదారు విషయంలో జాగ్రత్త: రాజకీయ బృందమనగానే సంతకం పెట్టడానికి ఆచార్యులు జంకుతారు, ముఖ్యంగా ఉద్యోగం ఇంకా ఖాయం కానివాళ్లు. ఖాయమైనవాళ్లను అడగండి, లేదా గ్రంథాలయ సిబ్బందిని అడగండి, చాలా చోట్ల వాళ్లూ అర్హులే. ఎవరూ దొరకలేదంటే ఆ సంగతి కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయండి.

యూనివర్సిటీ పేరు వాడే తీరు మీద కూడా నియమాలుంటాయి. "ఫలానా యూనివర్సిటీలో ఫలానా బృందం" అనడం, యూనివర్సిటీయే ఆ మాట అన్నట్టు పోస్టరు వేయడం ఒకటి కాదు. మన దేశంలో 2015 మే నెలలో ఐఐటీ మద్రాస్ అంబేద్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ గుర్తింపు తీసేసినప్పుడు సంస్థ పైకి చూపిన అభ్యంతరాల్లో పేరు వాడకం ఒకటి. దాని వెనక కేంద్ర మంత్రిత్వ శాఖకు వచ్చిన ఆకాశరామన్న ఉత్తరం ఉందని బయటపడి దేశమంతా గొడవైంది, జూన్‌లో గుర్తింపు తిరిగి ఇచ్చారు. సాంకేతిక కారణం మాటున అభిప్రాయం మీద కోపం దాక్కోవడం ఏ దేశంలోనైనా ఉంటుంది; అందుకే సాంకేతిక కారణం దొరకనివ్వకండి.

గుర్తింపు న్యాయంగా పోయిన సందర్భాలూ చూశాను. ఒక బృందం తమకు నచ్చని వక్త సభకు వెళ్లి, ద్వారం ముందు చేతులు కలుపుకుని నిలబడి లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. బయట నినాదాలిచ్చినంతసేపు వాళ్ల జోలికి ఎవరూ పోలేదు, పోకూడదు కూడా. ద్వారం మూసిన క్షణం అది మాట కాకుండా పోయింది. విచారణ జరిపి ఒక సెమిస్టరు సస్పెండ్ చేశారు. వాళ్ల వాదం నాకు నచ్చేదే. అయినా ఆ ఉత్తరం మీద నా సంతకం కూడా ఉంది.

సభ్యత్వ నియమాల దగ్గర చట్టం కొంచెం జారుడు నేల. "మా ఆశయాలతో ఏకీభవించేవారే పదాధికారులు" అని రాసుకోవచ్చా? 2010లో క్రిస్టియన్ లీగల్ సొసైటీ వర్సెస్ మార్టినెజ్ తీర్పు ప్రకారం, ఏ బృందమైనా విద్యార్థులందరినీ చేర్చుకోవాలన్న నియమం యూనివర్సిటీ పెట్టవచ్చు, అన్ని బృందాలకూ వర్తింపజేస్తే చాలు. అదీ 5-4 తీర్పే. "వర్తింపజేస్తే" అన్నదే అక్కడ కీలకం. అయోవా యూనివర్సిటీ 2017లో ఒక క్రైస్తవ బృందం నాయకత్వ నియమాల్ని తప్పుపట్టి నమోదు రద్దు చేసింది, కానీ అలాంటి షరతులే ఉన్న ఇతర బృందాలను వదిలేసింది. 2021లో ఎనిమిదో సర్క్యూట్ కోర్టు అది అభిప్రాయ వివక్ష అనడమే కాక, అధికారులు వ్యక్తిగత బాధ్యత నుంచి కూడా తప్పించుకోలేరంది. మీ నియమావళిలో ఏకీభావపు షరతు బదులు, "ఇన్ని సమావేశాలకు హాజరైనవారికే ఓటు" అని రాసుకోండి. హాజరు, చందా లాంటి షరతులకు మార్టినెజ్ తీర్పు అడ్డుకాదు. ప్రత్యర్థులు ఒక్క సాయంత్రం గుంపుగా వచ్చి మీ బృందాన్ని చేజిక్కించుకునే ప్రమాదమూ తప్పుతుంది.

జాతీయ సంస్థతో అనుబంధం ఉన్నవాళ్లకు ఒక మాట. 2023 అక్టోబరులో ఫ్లోరిడా రాష్ట్ర యూనివర్సిటీల చాన్స్‌లర్, జాతీయ సంస్థ ప్రకటనలను కారణంగా చూపి స్టూడెంట్స్ ఫర్ జస్టిస్ ఇన్ పాలస్తీనా స్థానిక శాఖలను రద్దు చేయమని ఆదేశించారు. హీలీ తీర్పులోని మూడో అంశం గుర్తుంది కదా. యూనివర్సిటీలు ఆ ఆదేశాన్ని అమలు చేయలేదు. చేయలేదు కాబట్టే 2024 జనవరిలో ఫెడరల్ కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించింది. మీ బృందం స్వతంత్రమైతే ఆ ముక్క దరఖాస్తులో రాయండి.

ప్రైవేటు యూనివర్సిటీలో ఈ తీర్పులేవీ నేరుగా పనిచేయవు. భావప్రకటన స్వేచ్ఛకు హామీ ఇచ్చే రాజ్యాంగ మొదటి సవరణ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది, ప్రైవేటు సంస్థను కాదు. అక్కడ మీ ఆయుధం వాళ్ల సొంత నియమావళి, విద్యార్థి హక్కుల పత్రంలో వాళ్లే రాసుకున్న మాటలు. అవి ఎంత దూరం పనికొస్తాయో ఫోర్డ్‌హామ్ యూనివర్సిటీ కేసులో చూడవచ్చు. విద్యార్థి ప్రభుత్వం ఒప్పుకున్న బృందాన్ని 2016లో డీన్ కాదన్నారు. 2019లో న్యూయార్క్ కోర్టు గుర్తింపు ఇవ్వమంది, 2020 డిసెంబరులో అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును తిరగేసింది. అప్పటికి విద్యార్థులు పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయారు కూడా. కాలిఫోర్నియా కొంత మినహాయింపు: 1992 నాటి లెనార్డ్ చట్టం విద్యార్థుల భావప్రకటన విషయంలో మతేతర ప్రైవేటు కాలేజీలను కూడా కట్టడి చేస్తుంది. ఇంకో మాట: "మాకు పన్ను మినహాయింపు ఉంది కాబట్టి క్యాంపస్‌లో ఎన్నికల ప్రచారం కుదరదు" అని కొన్ని ప్రైవేటు సంస్థలు అంటాయి. 2015లో జార్జ్‌టౌన్ లా స్కూల్, అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడుతున్న బెర్నీ సాండర్స్ మద్దతుదారులను ఇదే కారణంతో ఆపింది. విమర్శలు వచ్చాక నియమం సడలించింది. ఆ నిషేధం సంస్థ తన పేరుతో ప్రచారం చేయడానికి సంబంధించింది. విద్యార్థులు తమ పేరుతో మాట్లాడుకుంటే మినహాయింపు ఎగిరిపోదు.

ఇప్పుడు వీసా. ఇది మీరు అడిగిన ప్రశ్నల్లో నాకు అన్నిటికన్నా బరువుగా అనిపించింది.

కాగితం మీద చూస్తే, అమెరికా గడ్డ మీద చట్టబద్ధంగా ఉన్న విదేశీయుడికీ భావప్రకటన స్వేచ్ఛ ఉందని 1945లోనే బ్రిడ్జెస్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. ఆచరణలో ఏం జరిగిందో 2025లో చూశాం. టఫ్ట్స్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థిని రుమేసా ఓజ్‌టుర్క్ విద్యార్థి పత్రికలో మరికొందరితో కలిసి ఒక వ్యాసం రాశారు. వీసా రద్దు చేసి మార్చి 25న వీధిలో అరెస్టు చేశారు, కోర్టు ఆదేశంతో మే నెలలో విడుదలయ్యారు. సెప్టెంబరు 30న బోస్టన్ ఫెడరల్ జడ్జి విలియం యంగ్, విదేశీ విద్యార్థులకూ పౌరులకున్నంత వాక్ స్వాతంత్ర్యం ఉందని తీర్పు చెప్పారు. హక్కు ఉందని తేలడానికి, మీరు ఆరు వారాలు నిర్బంధంలో గడపకుండా ఉండటానికి మధ్య చాలా దూరం ఉంది. అందుకే "ఏం భయం లేదు, దిగండి" అని నేను అనను. చూస్తూ ఊరుకోమనీ అనను. ఎవరు సంతకం పెట్టాలి, ఎవరు వేదికెక్కాలి అనేది బృందంలో కూర్చుని నిర్ణయించుకోండి. అప్పీలు మీద సంతకాలు, సెనేట్ ముందు వాదన, పత్రికలతో మాట్లాడటం పౌరసత్వం ఉన్న మిత్రులు తీసుకోవచ్చు. అది పిరికితనం కాదు, పని విభజన. మిగతావాళ్లు ముందుగా వలస చట్టాల న్యాయవాదితో ఒక్కసారి మాట్లాడండి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచిత న్యాయ సలహా కేంద్రం ఉంటుంది.

ఇందులోనే మనవాళ్లు పట్టించుకోని ఇంకో ముడి ఉంది. అమెరికా ఎన్నికల్లో, అది ఏ స్థాయిదైనా, గ్రీన్‌కార్డు లేని విదేశీయుడు చందా ఇవ్వకూడదు, ఎన్నికల ఖర్చు నిర్ణయాల్లో పాల్గొనకూడదు. జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేయవచ్చు. మనవాళ్లు లెక్కల్లో దిట్టలని అందరూ కలిసి ఎఫ్-1 విద్యార్థిని కోశాధికారిని చేస్తారు. వలస విధానం మీద చర్చలు పెట్టినంతవరకు పరవాలేదు. రేపు ఏ అభ్యర్థికో మద్దతుగా కరపత్రాలు వేయాలనుకున్నారా, ఆ బిల్లు మీద ఆ విద్యార్థి సంతకం ఉండకూడదు. నియమావళిలోనే "ఎన్నికల ఖర్చులు చేయం" అని రాసుకుంటే ఈ బెడద ఉండదు.

ఇక చేయాల్సిన పని. తిరస్కరణ కారణాన్ని ఈమెయిలులో అడగండి, ఫోనులో కాదు. సెనేట్ మినిట్స్, రికార్డింగు ఉంటే అదీ అడగండి. స్టేట్ యూనివర్సిటీ కాబట్టి రాష్ట్ర పబ్లిక్ రికార్డుల చట్టం కింద కూడా కోరవచ్చు. తర్వాత డీన్‌కు అప్పీలు: రెండు పేజీలు మించకుండా, ఆవేశం లేకుండా, హీలీ, సౌత్‌వర్త్ పేర్లు ప్రస్తావించి, క్లబ్బుల పట్టిక జతచేసి, నియమాలు పాటిస్తామన్న హామీతో. ఆ అప్పీలు నకలు ఒకటి యూనివర్సిటీ న్యాయ విభాగానికి కూడా పంపి, కింద చిన్న అక్షరాల్లో "నకలు: న్యాయ విభాగం" అని రాయడం మరచిపోకండి, డీన్ తొందరపడకపోయినా వాళ్లు తొందరపడతారు. మీ రాష్ట్ర చట్టం కూడా చూడండి. టెక్సాస్ లాంటి చోట్ల 2019 నుంచి రాజకీయ, మత అభిప్రాయం కారణంగా విద్యార్థి బృందం మీద చర్య తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. అప్పటికీ కదలకపోతే వాక్ స్వాతంత్ర్యం కోసం పనిచేసే ఫైర్ అనే సంస్థ ఉంది, పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ ఉంది. ఇద్దరూ ఇలాంటి ఉత్తరాలు ఉచితంగా రాస్తారు, మీ అభిప్రాయం ఏ పక్షమని ఆరా తీయరు. నేను చూసిన వాటిలో చాలామటుకు ఆ ఉత్తరం దగ్గరే తేలిపోయాయి, కోర్టు గడప తొక్కినవి అరుదు.

ఈలోగా బృందాన్ని నడపడం ఆపకండి. గుర్తింపు లేకపోతే గది బుక్ కాదు, నిధి రాదు. కానీ నలుగురు విద్యార్థులు ఆరుబయట కలిసి మాట్లాడుకోవడానికి, బహిరంగ స్థలంలో కరపత్రాలు పంచడానికి ఎవరి గుర్తింపూ అక్కర్లేదు. సమయం, స్థలం, శబ్దం మీద ఉన్న మామూలు నియమాలు చదివి వాటి లోపలే ఉండండి. గ్రంథాలయంలో విద్యార్థి పేరుతో వ్యక్తిగతంగా తీసుకునే చర్చా గదులు కూడా వాడుకోవచ్చు. హాజరు పట్టీ మాత్రం ప్రతిసారీ రాసి పెట్టుకోండి: అప్పీలులో "ఇప్పటికే ఇంతమంది వస్తున్నారు" అని చూపించడానికి పనికొస్తుంది. అందులో ఎఫ్-1 మిత్రుల ఇంటిపేర్లు రాయనవసరం లేదు.